గ్రహణం లెక్క మీరే కట్టుకోండి: బత్తాయి, వెదురుకర్ర, పంచాంగం చాలు

గ్రహణం వస్తుందంటే చాలు, రెండు రోజుల ముందు నుంచే ఫోన్ మోగుతూ ఉంటుంది. ఏ రాశివాళ్లు చూడకూడదు, అన్నం ఎన్ని గంటల్లోపు తినెయ్యాలి, గుడి తలుపులు ఎప్పుడు మూస్తారు, అన్నీ ఫార్వర్డులే. అందులో సగం అసలు మనకు కనిపించని గ్రహణాల గురించే. 2026 ఆగస్టు 12 సంపూర్ణ సూర్యగ్రహణమే తీసుకోండి, అది గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, స్పెయిన్ వాళ్లది, ఆ టైముకు నల్లగొండలో రాత్రి పదకొండు దాటుతుంది, సూర్యుడే లేనప్పుడు మనకేం గ్రహణం? అందుకని ఎవరో చెప్పేదాకా ఆగకుండా, గ్రహణం ఎందుకు పడుతుందో, ఎప్పుడు పడుతుందో, మన ఊళ్లో కనిపిస్తుందో లేదో మీరే తేల్చుకునే పద్ధతి కింద రాస్తున్నాను. ఖర్చు పెద్దగా ఏమీ ఉండదు.

ముందు కర్ర తయారు చేసుకోండి

ఒక బత్తాయి తీసుకోండి. నల్లగొండ జిల్లాలో ఉండి బత్తాయికి వెతుక్కోవాల్సిన పని లేదు. అడ్డంగా కొలిస్తే 7 సెంటీమీటర్లు ఉండాలి, అదే భూమి. చపాతీ పిండితో ఒక చిన్న ఉండ చెయ్యండి, 2 సెంటీమీటర్లకు ఒక పిసరు తక్కువ, అది చంద్రుడు. ఇప్పుడు ఏడడుగుల వెదురుకర్ర ఒకటి తీసుకుని ఒక కొసకు మేకుతో బత్తాయిని, రెండో కొసకు సన్న పుల్లతో పిండి ఉండను గుచ్చండి, రెండూ కర్రకు ఒకే ఎత్తులో నిలబడాలి.

ఆ ఏడడుగులు ఏదో చేతికొచ్చిన కొలత కాదు. భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు, చంద్రుడిది 3,474, మధ్య దూరం సగటున 3,84,400 కిలోమీటర్లు, అంటే భూమి లాంటివి ముప్పై వరసగా పేర్చినంత. బత్తాయి 7 సెంటీమీటర్లైతే పిండి ఉండ 2 మీటర్ల 10 సెంటీమీటర్ల దూరంలో ఉండాలన్నమాట. స్కూలు పుస్తకంలో బొమ్మ చూసి భూమి పక్కనే చంద్రుడు ఆనుకుని ఉంటాడనుకుంటాం కదా, గ్రహణం అర్థం కాకుండా చేసేది ఆ బొమ్మే. పేజీలో పట్టదు కాబట్టి వాళ్లు దగ్గరికి జరిపి గీస్తారు. సూర్యుణ్ని కూడా ఇదే లెక్కలో పెట్టాలంటే ఏడున్నర మీటర్ల గుండు ఒకటి చేసి 820 మీటర్ల అవతల నిలబెట్టాలి, ఆ పని మీవల్ల కాదు, నా వల్లా కాదు, పైనున్న అసలు సూర్యుణ్నే వాడుకుందాం.

పొద్దున ఎండ బాగా వచ్చాక, కాసేపు ఖాళీ ఉన్నప్పుడు మేడ మీదికి వెళ్లండి. పిండి ఉండ ఉన్న కొస సూర్యుడి వైపు, బత్తాయి కొస మీ ముందుకు వచ్చేలా కర్ర పట్టుకుని, సూర్యుడికి వీపు పెట్టి, ఉండ నీడ బత్తాయి మీద పడేదాకా కర్రను మెల్లగా సర్దండి. సూర్యుడి వైపు చూడొద్దు, నీడల్నే చూస్తూ సర్దాలి. మొదట్లో చెయ్యి వణుకుతుంది, నీడ పక్కకు జారిపోతుంది, ఇంకొకరు కర్ర పట్టుకుంటే సులువు. పడిందా? బత్తాయి మీద మసక మసకగా ఒక మచ్చ, మధ్యలో కాస్త నల్లగా, అంచుల్లో పలచగా. అది సూర్యగ్రహణం. ఆ నల్లటి చుక్కలో ఉన్న ఊళ్లకు సంపూర్ణం, పలచటి నీడలో ఉన్నవాళ్లకు పాక్షికం, మిగతా బత్తాయికి మామూలు పగలు.

ఇప్పుడు కర్ర తిప్పి బత్తాయిని సూర్యుడి వైపు పెట్టండి. బత్తాయి నీడ పిండి ఉండ మీద పడి ఉండ మొత్తం మునిగిపోతుంది, అది చంద్రగ్రహణం. ఇక్కడ నీడ పెద్దది, ఆ దూరంలో 5 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, అంటే రెండున్నర చంద్రుళ్లు పట్టేంత. అందుకే చంద్రగ్రహణం గంటల తరబడి సాగుతుంది, ఆ సమయానికి రాత్రి ఉన్న సగం భూమికీ ఒకేసారి కనిపిస్తుంది. సూర్యగ్రహణంలో చంద్రుడి నల్లని నీడ మొన మాత్రమే భూమికి తగులుతుంది, అదీ ఒక సన్నటి దారిలో పరిగెడుతూ పోతుంది.

ఆ మొన సంగతి కాస్త చెప్పుకోవాలి. చంద్రుడి నీడ పొడవు మన కర్ర లెక్కలో 2 మీటర్ల 5 సెంటీమీటర్లు. చంద్రుడేమో ఒకే దూరంలో ఉండడు, దగ్గరికి వచ్చినప్పుడు 1 మీటరు 96 సెంటీమీటర్లు, దూరం పోయినప్పుడు 2 మీటర్ల 23 సెంటీమీటర్లు. దగ్గరున్నప్పుడు నీడ మొన భూమికి అందుతుంది, సంపూర్ణ గ్రహణం. దూరమున్నప్పుడు మొన గాల్లోనే ఆగిపోతుంది, చంద్రుడు సూర్యుణ్ని పూర్తిగా కప్పలేక చుట్టూ వెలుగు ఉంగరం మిగులుతుంది, దాన్నే వలయాకారం అంటారు, పంచాంగంలో కంకణ గ్రహణం అని రాస్తారు. 2019 డిసెంబరు 26న కోయంబత్తూరు వైపు కనిపించింది అదే. మనకు ఆ పొద్దున పాక్షికమే, కానీ సూర్యుడిలో సగానికి పైగా మాయమైంది, చాలామందికి గుర్తుండే ఉంటుంది.

మరి ప్రతి అమాసకూ ఎందుకు రాదు?

అసలు ప్రశ్న ఇదే. చంద్రుడు ప్రతి అమాస నాడూ సూర్యుడి వైపు వస్తాడు, ప్రతి పున్నమి నాడూ అవతలి వైపు ఉంటాడు, నెలకు రెండు గ్రహణాలు పడాలి కదా. పడవు, ఎందుకంటే చంద్రుడు తిరిగే దారి భూమి తిరిగే దారికి 5 డిగ్రీలు వాలి ఉంటుంది. అయిదు డిగ్రీలంటే ఏముందిలే అనిపిస్తుంది, కర్ర మీద చూడండి: పిండి ఉండ కొసను 19 సెంటీమీటర్లు, అంటే జానకు కాస్త తక్కువ, పైకి లేపండి. నీడ బత్తాయి మీద పడుతుందా? బత్తాయే 7 సెంటీమీటర్లు, నీడ ఎక్కడో పై నుంచి పోతుంది. కిందికి దించినా అంతే. చాలా అమాసలు, చాలా పున్నములు ఇలా పైనుంచో కిందనుంచో జారిపోతాయి.

చంద్రుడు తన చుట్టులో రెండు చోట్ల మాత్రం భూమి దారిని దాటతాడు, ఒకచోట కింది నుంచి పైకి, ఇంకోచోట పై నుంచి కిందికి. మొదటిది రాహువు, రెండోది కేతువు. తల, మొండెం కథ తెలిసిందే, లెక్క కట్టేవాళ్లకు మాత్రం అవి రెండు బిందువులు, కంటికి కనిపించే గ్రహాలు కావు, అయినా పంచాంగకర్త వాటి చోటు డిగ్రీలతో సహా రాస్తాడు. నీడల వల్లే గ్రహణాలు వస్తాయని ఆర్యభటుడు తన ఆర్యభటీయంలో రాశాడు, అది క్రీ.శ. 499 నాటిది. కాబట్టి పంచాంగం ఒక పక్క, సైన్సు ఒక పక్క అని చీల్చుకుని కొట్టుకోవాల్సిన అవసరం ఈ ఒక్క విషయంలో లేదు. పంచాంగంలో గ్రహణం పేజీ అంతా లెక్కే, దాని కిందుండే ఫలితాల పేజీ సంగతి వేరు.

నీడ గురించి పిల్లలకు చెప్పాలంటే మనకు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడి గోడ మీద స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలబడే గుడి. వెలుతురు ఒక్క దిక్కు నుంచి కాకుండా అటూ ఇటూ తిరిగి వస్తే నీడలు ఎలా కలుస్తాయో, ఎక్కడ చిక్కబడతాయో, ఎక్కడ పలచబడతాయో అక్కడ నిలబడి చూపించొచ్చు.

పంచాంగం తెరిచి వెతకడం

ఇంట్లో ఉన్న ఏ పంచాంగమైనా తీసుకోండి, గోడ క్యాలెండర్ సరిపోదు, గ్రహాల స్థితి ఇచ్చేది కావాలి. సూర్యుడు ఏ నెలలో ఏ రాశిలో ఉంటాడో రాసి ఉంటుంది, రాహు కేతువులు ఏ రాశుల్లో ఉన్నారో కూడా. రాహు కేతువులు ఒకదానికొకటి ఎదురుగా, ఏడో రాశిలో ఉంటాయి, వెనక్కి నడుస్తాయి, రాశికి ఏడాదిన్నర చొప్పున మొత్తం చుట్టు 18.6 ఏళ్లు. సూర్యుడు రాహువు ఉన్న రాశిలోకో కేతువు ఉన్న రాశిలోకో వచ్చిన నెల చూసి గుర్తు పెట్టుకోండి. గ్రహణం పడితే ఆ నెల చుట్టుపక్కలే పడాలి.

ఇంకొంచెం గట్టిగా లెక్క కావాలంటే డిగ్రీలు చూడాలి. అమాస నాడు సూర్యుడికీ రాహువుకో కేతువుకో మధ్య తేడా 15 డిగ్రీల లోపు ఉంటే భూమి మీద ఎక్కడో ఒకచోట సూర్యగ్రహణం ఖాయం, 18 దాకా ఉన్నా పడే అవకాశం ఉంది. పున్నమి నాడు 9 డిగ్రీల లోపైతే చంద్రుడికి అసలు నీడ తగలడం ఖాయం, 12 దాకా అవకాశం. 2025 సెప్టెంబరు 7, భాద్రపద పున్నమి చూడండి: సూర్యుడు సింహంలో, కేతువు సింహంలో, చంద్రుడు కుంభంలో, రాహువూ కుంభంలోనే, తేడా అయిదు డిగ్రీలు కూడా లేదు. రాత్రి 11 నుంచి 12:22 దాకా 82 నిమిషాలు సంపూర్ణ గ్రహణం, మనకు మొదటి నుంచి చివరి దాకా కనిపించే టైము.

సరిగ్గా రెండు వారాల తరవాత, పెత్రమాస నాడు, అదే ఎంగిలిపూల బతుకమ్మ రోజు, పాక్షిక సూర్యగ్రహణం. ఇలా జంటగా రావడం మామూలే, ఒక సీజన్‌లో పున్నమికొకటి అమాసకొకటి. కాకపోతే అది న్యూజిలాండ్ వైపు కనిపించింది, ఇక్కడ అర్ధరాత్రి. బతుకమ్మ ఆడాలా వద్దా అని టెన్షన్ పడాల్సిన రోజే కాదు.

ఇంకో కిటుకు. రాహు కేతువులు వెనక్కి నడుస్తాయి కాబట్టి గ్రహణాల సీజన్ ఏటా ఇరవై రోజుల దాకా ముందుకు జరుగుతుంది, ఏడాదిలో రెండు సీజన్ల మధ్య దూరం 173 రోజులు. 2025లో సెప్టెంబరు, 2026లో ఆగస్టు, 2027లో జులై ఆగస్టు, 2028లో జులై. రెండోది 2025 మార్చి, 2026 ఫిబ్రవరి మార్చి, 2027 ఫిబ్రవరి, 2028 జనవరి. ఇట్లా జరుగుతూ జరుగుతూ 2028లో మళ్లీ డిసెంబరు ఆఖరికే ఒకటి పడుతుంది, దాని గురించి చివర్లో చెప్తాను. ఈ వరస తెలిస్తే ఎవరైనా "అక్టోబరులో మహా గ్రహణం" అని పంపినప్పుడు ఆ ఏడాది అది కుదురుతుందో లేదో పంచాంగం తెరవకుండానే చెప్పెయ్యొచ్చు.

కనిపిస్తుందా లేదా

చంద్రగ్రహణానికి ఇది చాలా తేలిక. పట్టు టైము, విడుపు టైము తెలుసుకోండి, ఆ మధ్యలో చంద్రుడు మన ఆకాశంలో ఉన్నాడా లేడా చూడండి, అంతే. విదేశీ వెబ్‌సైట్‌లో టైము చూస్తే గ్రీనిచ్ టైముకు అయిదున్నర గంటలు కలపాలి. 2026 ఆగస్టు 28 పాక్షిక చంద్రగ్రహణం మన టైము ప్రకారం పొద్దున 8 దాటాక మొదలవుతుంది, అప్పటికే చంద్రుడు అస్తమించాడు, మనకు లేదు. అదే ఏడాది మార్చి 3, కాముని పున్నమి నాటిది ఇంకో రకం: సంపూర్ణ దశ సాయంత్రం 5:33కే అయిపోతుంది, మనకు చంద్రుడు ఆరుంపావు దాటాక ఉదయిస్తాడు, అప్పటికింకా గ్రహణం విడవదు, 6:47కు విడుపు. ఇలా గ్రహణం పట్టి ఉండగానే ఉదయిస్తే పంచాంగం గ్రస్తోదయం అంటుంది, పట్టి ఉండగానే అస్తమిస్తే గ్రస్తాస్తమయం. 2022 అక్టోబరు 25న, దీపావళి మర్నాడు, సూర్యుడు మనకు గ్రస్తాస్తమయం అయ్యాడు. ఇలాంటి వాటికి తూర్పో పడమరో అడ్డం లేని చోటు కావాలి, నల్లగొండలో ఉదయసముద్రం కట్ట, పాలమూరు జిల్లాలో కోయిలకొండ, ఇటు దేవరకొండ గుట్టలు, మీ ఊళ్లో చెరువు కట్ట ఉంటే అదీ చాలు.

చంద్రగ్రహణం పట్టు, విడుపు దేశమంతా ఒకే నిమిషానికి జరుగుతాయి, ఎందుకంటే నీడ పడేది చంద్రుడి మీద. హైదరాబాద్‌లో 9:57కి, విజయవాడలో 10:03కి అని వేరు వేరు టైములు వేస్తే ఆ పోస్టు రాసినవాళ్లకు విషయం తెలియదని అర్థం. చంద్రోదయం మాత్రం ఊరికో టైము, పాలమూరుకూ నల్లగొండకూ అయిదు నిమిషాల తేడా. సూర్యగ్రహణానికి అలా కాదు, నీడ మన నేల మీద పరిగెడుతుంది కాబట్టి ఊరూరికీ టైము మారుతుంది, ఎంత మేర కప్పుతుందో కూడా మారుతుంది. రెండు పంచాంగాల్లో టైములు కలవకపోతే కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ వాళ్ల రాష్ట్రీయ పంచాంగం చూడండి, ప్రభుత్వం తరఫున లెక్క కట్టేది వాళ్లే.

ఛాయా గ్రహణం అని కూడా వింటుంటారు. చంద్రుడు పలచటి నీడలోంచి మాత్రమే పోవడం. మామూలు కంటికి తేడా తెలియదు, మన పంచాంగాలు దాన్ని గ్రహణంగా లెక్కపెట్టవు, వదిలెయ్యండి.

ఒకే ఊరికి సంపూర్ణ సూర్యగ్రహణం రావడం ఎంత అరుదో చెప్పడానికి మన జిల్లాలకంటే మంచి ఉదాహరణ లేదు. 1980 ఫిబ్రవరి 16, మధ్యాహ్నం నాలుగింటికి కాస్త ముందు, చంద్రుడి నీడ కర్ణాటకలో రాయచూరు మీదుగా వచ్చి పాలమూరు, నల్లగొండ జిల్లాల మీదుగా సాగి ఒడిశా వైపు వెళ్లిపోయింది. నీడ దారి వెడల్పు వంద కిలోమీటర్లు దాటి ఉంటుంది, నల్లగొండ ఇంచుమించు దాని నడుమనే ఉంది. రెండు నిమిషాలకు పైగా చీకటి. హైదరాబాద్ ఆ దారి అంచుకు బయటే ఉండిపోయింది, అక్కడ కాస్త సూర్యుడు మిగిలాడు. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ మాత్రం దారిలోనే పడింది, శాస్త్రవేత్తలు అక్కడ చేరి పరిశీలనలు చేశారు. మన ఊళ్లలో చాలామంది తలుపులు వేసుకుని కూర్చున్నారట. మీ ఇంట్లో అరవై దాటినవాళ్లుంటే "తాతా, ఎనభైల గ్రహణం పట్టినప్పుడు నువ్వు యాడున్నవ్?" అని అడగండి, బయటికొచ్చి చూసినవాళ్లు దొరికితే పక్షులేం చేశాయి, పశువులేం చేశాయి అన్నీ చెప్పించుకోండి, రికార్డు చేసి పెట్టుకోండి. ఆ మాటలు ఏ పుస్తకంలోనూ దొరకవు.

సూర్యగ్రహణం రోజు ఏం చెయ్యాలి

గ్రహణం రోజు సూర్యుడిలోంచి ప్రత్యేకంగా విషకిరణాలేమీ రావు. మామూలు రోజు సూర్యుణ్ని చూడబోతే కన్ను దానంతటదే మూసుకుంటుంది, గ్రహణం రోజు వెలుగు తగ్గి, ఆసక్తి పెరిగి, మనమే పంతంగా కళ్లు తెరిచి చూస్తాం. కంటి వెనక పొరకు నొప్పి తెలియదు, కాలేది కాలిపోతుంది, సాయంత్రానికి గానీ చూపు మధ్యలో మచ్చ వచ్చిందని తెలియదు. పాత ఎక్స్‌రే ఫిల్మ్, మసి పట్టించిన గాజు, కూలింగ్ గ్లాసులు, రెండు కూలింగ్ గ్లాసులు ఒకదాని మీద ఒకటి, ఇవేవీ వద్దు. తాంబాళంలో పసుపు నీళ్లో పేడ నీళ్లో పోసి అందులో సూర్యుడి నీడ చూడటం మన దగ్గర పాత అలవాటే, అదీ వద్దు. నీళ్ల మీద నుంచి కొట్టే వెలుగు నూటికి రెండు వంతులే అనిపించినా, సూర్యుణ్ని భయం లేకుండా చూడాలంటే వెలుగు లక్షలో ఒక వంతుకు తగ్గాలి.

నేరుగా చూడాలంటే రెండే దారులు: ఐఎస్ఓ 12312-2 అని ముద్ర ఉన్న గ్రహణం కళ్లద్దాలు, గీతలు చిల్లులు లేనివి, లేదంటే 14వ నంబరు వెల్డింగ్ అద్దం. వెల్డింగ్ షాపులో మామూలుగా వాడేది 10, 11 నంబరు ఉంటుంది, "అదే ఇది, తీస్కపో" అంటే తెచ్చుకోవద్దు, నంబరు చూసి తీసుకోండి. బైనాక్యులర్‌తో, ఫోన్ జూమ్‌తో, కళ్లద్దాలు పెట్టుకుని కెమెరాలోంచి చూడటం ఇంకా ప్రమాదం.

నేరుగా చూడకుండా చూడటమే నాకు ఎక్కువ ఇష్టం, పదిమంది ఒకేసారి చూడొచ్చు. అన్నిటికన్నా బాగా పనిచేసేది అద్దం పద్ధతి. చిన్న అద్దం ముక్కకు కాగితం అతికించి మధ్యలో 5 నుంచి 8 మిల్లీమీటర్ల చిల్లు మాత్రం వదలండి. అద్దాన్ని కిటికీ దగ్గర ఎండలో పెట్టి, వెలుగు చీకటి గదిలో పది మీటర్ల దూరంలోని గోడ మీద పడేలా తిప్పండి. గోడ మీద 9 సెంటీమీటర్ల సూర్యుడు వస్తాడు, చంద్రుడు కొరికిన ముక్కతో సహా. దూరాన్ని 108తో భాగిస్తే సూర్యుడి సైజు వస్తుంది, కాబట్టి గది ఎంత పొడుగైతే అంత మంచిది, స్కూలు వరండా దొరికితే ఇంకా మేలు. అద్దంలోకి ఎవరూ తొంగి చూడకుండా ఒక మనిషిని కాపలా పెట్టండి, పిల్లలు చూడొద్దంటే ముందు అదే చూస్తారు.

అద్దం కుదరకపోతే మురుకుల గొట్టంలో వేసే సన్న చిల్లుల బిళ్ల తీసుకుని ఎండలో కాగితానికి ఒక మీటరు పైన పట్టుకోండి, ఎన్ని చిల్లులుంటే అన్ని నెలవంకలు. అదీ లేకపోతే చెట్టు కిందికి పోండి. వేప, చింత ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చుక్కలన్నీ మామూలు రోజు గుండ్రంగా ఉంటాయి, గ్రహణం రోజు నెలవంకలైపోతాయి. పాలమూరు పిల్లలమర్రి, ఆ పెద్ద మర్రిచెట్టు కింద ఆ దృశ్యం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

చంద్రగ్రహణం అయితే

దీనికి జాగ్రత్తలేమీ లేవు, పున్నమి చంద్రుణ్ని చూసినట్టే చూడండి, బైనాక్యులర్ ఉంటే ఇంకా బాగుంటుంది. ఒక నోటుబుక్కు పెట్టుకుని పావుగంటకోసారి చంద్రుడి బొమ్మ గీయండి. చంద్రుడు గంటకు తన వెడల్పంత దూరం జరుగుతాడు, కాబట్టి పట్టు నుంచి పూర్తిగా మునగడానికి గంటో గంటకు పైనో పడుతుంది, మొదటి పది నిమిషాల్లో ఏమీ కనిపించట్లేదని లేచి వెళ్లిపోవద్దు. నీడ అంచు ఎప్పుడూ గుండ్రంగానే ఉండటం గమనించండి, ఏ వైపు నుంచి పట్టినా అంతే, నీడ భూమిది కాబట్టి.

పూర్తిగా మునిగాక చంద్రుడు మాయమవడు, రాగి రంగుకు తిరుగుతాడు. భూమి చుట్టూ ఉన్న గాలిలోంచి వంగి వెళ్లిన ఎర్రటి వెలుగు అది. రంగు ప్రతిసారీ ఒకేలా ఉండదు, ఇటుక రంగా, ముదురు ఎరుపా, బూడిద రంగా అని రాసుకోండి. ఆకాశంలో దుమ్ము ఎక్కువుంటే బాగా నల్లబడుతుంది, 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలాక 1992 డిసెంబరు గ్రహణంలో చంద్రుడు దాదాపు కనిపించనంత నల్లబడ్డాడు.

ఫోటోకు ఫోన్‌ను దేనికైనా ఆనించి పెట్టండి, చేత్తో పట్టుకుని తీస్తే ఎర్ర మచ్చ తప్ప ఏమీ రాదు.

ఇంట్లోవాళ్లతో వచ్చే పేచీ

ఊరగాయ జాడీ మీద దర్భ వేస్తానంటే వెయ్యనివ్వండి, పట్టుస్నానం విడుపుస్నానం చేస్తామంటే చెయ్యనివ్వండి, బీచుపల్లికో వాడపల్లికో కృష్ణ స్నానానికి, అలంపురానికి తుంగభద్ర స్నానానికి పోతామంటే తోడు వెళ్లండి. వాటితో ఎవరికీ నష్టం లేదు, నేనూ అడ్డు చెప్పను. నేను గట్టిగా కాదనేది ఒక్కటే, కడుపుతో ఉన్న పిల్లను నాలుగైదు గంటలు మంచినీళ్లు కూడా ముట్టనివ్వకుండా, కదలకుండా పడుకోబెట్టడం. షుగర్ ఉన్న పెద్దవాళ్లను ఖాళీ కడుపుతో ఉంచడం కూడా అంతే. నీడకు ఆ శక్తి లేదు, ఆకలికి ఉంది. అత్తగారితో వాదన పెట్టుకోకుండా "డాక్టరమ్మ తినమన్నది" అని చెప్పి పళ్లెం అందించండి.

రోకలి సంగతి కూడా తేల్చేద్దాం. గ్రహణం పట్టగానే తాంబాళంలో నీళ్లు పోసి రోకలి నిలబెడతారు, అది నిలబడితే పట్టినట్టు, పడిపోతే విడిచినట్టు అంటారు. గ్రహణానికి వారం ముందే, మామూలు మంగళవారమో బుధవారమో, అదే రోకలిని అదే తాంబాళంలో నిలబెట్టి చూడండి. కింద చదునుగా, బరువుగా ఉన్న రోకలి ఓపిగ్గా సర్దితే ఏ రోజైనా నిలబడుతుంది. ఊళ్లో పిల్లలందరినీ పిలిచి వాళ్ల చేత నిలబెట్టించండి, మీరు చెప్పడం కన్నా అది బాగా ఎక్కుతుంది.

రాసిపెట్టుకోవాల్సిన తేదీలు

2027 ఆగస్టు 2, ఆషాఢ అమావాస్య. స్పెయిన్, ఈజిప్టు, సౌదీ మీదుగా పోయే సంపూర్ణ సూర్యగ్రహణం, ఈజిప్టులో లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకు పైగా ఉంటుంది. మన దేశంలో పలుచోట్ల సాయంత్రం వేళ పాక్షికం. ముసురు రోజులు కాబట్టి మబ్బు పట్టే అవకాశం ఎక్కువ, ఆశ పెట్టుకోండి గానీ మరీ పెట్టుకోవద్దు.

2028 జులై 6 రాత్రి పాక్షిక చంద్రగ్రహణం, అర్ధరాత్రికి కాస్త ముందు నడిమి దశ. దీనికీ మబ్బుల బెడదే.

2028 డిసెంబరు 31, దీన్ని మాత్రం వదులుకోవద్దు. సంపూర్ణ చంద్రగ్రహణం, చలికాలం, ఆకాశం తేటగా ఉండే రోజులు, చంద్రుడు పైపైకి ఎక్కుతూ ఉంటాడు. రాత్రి 8:37 ప్రాంతంలో పట్టు, సుమారు 9:46 నుంచి 10:58 దాకా ఎర్ర చంద్రుడు, విడుపు 12 దాటాక, అంటే కొత్త సంవత్సరంలో. కేకు కోయడానికి ఎలాగూ మేడ మీదికి వస్తారు, రెండు గంటలు ముందు రండి.

2031 మే 21న కంకణ సూర్యగ్రహణం కేరళ, తమిళనాడు మీదుగా, కొచ్చి, మదురై వైపు. మనకు పాక్షికం, కంకణం చూడాలంటే రైలెక్కాలి.

2034 మార్చి 20. గ్రహణాలు 18 సంవత్సరాల 11 రోజుల 8 గంటలకు ఒకసారి అదే పోలికతో తిరిగి వస్తాయి. ఆ ఎనిమిది గంటల వల్ల ప్రతిసారీ భూమి మూడో వంతు తిరిగి ఉంటుంది, చోటు మారిపోతుంది, మూడు చుట్లు అయ్యాక, 54 ఏళ్ల నెల రోజులకు, మళ్లీ ఇంచుమించు మన వైపే వస్తుంది. 1980లో నల్లగొండ మీదుగా పోయిన గ్రహణం 1998లో కరీబియన్ దీవుల్లో, 2016లో ఇండోనేషియాలో కనిపించింది, 2034లో దాని తరవాతి రాక. ఈసారి దారి ఉత్తరానికి జరిగి కార్గిల్ వైపు వెళ్తుంది. అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లు ముందే తెలుసుకోండి, శ్రీనగర్ నుంచి పోయే దారిలో జోజిలా కనుమ మార్చిలో మంచుతో మూసుకుపోయి ఉండొచ్చు, రోడ్డు తెరిచి ఉందో లేదో కనుక్కున్నాకే ప్లాన్ వేసుకోండి. వెళ్లలేనివాళ్లకు ఇక్కడ సాయంత్రం పాక్షికంగా కనిపిస్తుంది, పడమటి కిటికీ ఉన్న గది, ఆ చిల్లు అద్దం సిద్ధం చేసుకోండి.